బల్ల మీద గొంతుక్కూర్చున్న మనిషి

“నోటితో చెప్పడం కాదు. కూర్చొని చూపించు,” అన్నాను.

ఏసుమణి లాకప్ గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరికాళ్లు రెండూ బూరెల్లా పొంగిపోయాయి. సీఐ పెంచలకృష్ణ మనుషులు రెండు రోజులుగా విచారణంతా ఆ అరికాళ్ల మీదే జరిపారు. కాగితాల్లో మాత్రం అరెస్టు ఈ రోజు పొద్దున్నే. ఆ కాళ్లతో గొంతుక్కూర్చోమనడం దుర్మార్గమని నాకూ తెలుసు. కానీ సాయంత్రం లోపల వాణ్ని కోర్టులో పెడుతున్నారు. ఆ తర్వాత వాడు నా చేతికి దొరకడు.

“కూర్చో.”

పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. మడమలు రెండూ నేలకు ఆనించి, మోకాళ్లు రెండూ గడ్డం దగ్గరికి తెచ్చుకుని, చేతులు ముందుకు చాపి లేని తాడును లాగి చూపించాడు.

“ఇట్టనే సార్. మా ఓనరమ్మ మేత చూసే బల్ల మీద ఇట్టనే కూర్చోని చెక్ ట్రే పైకి లాగతా ఉండింది. నేను గట్టు మీద నించి చూసినా.”

“మొహం చూసినావా?”

“లేదు సార్. వీపు నా పక్కకి ఉండింది. చీర మీద తెల్ల చొక్కా, తలకి తువ్వాలు.”

“అప్పుడు టైమెంత?”

“ఆరు. చర్చిలో మైకు అప్పుడే పెట్టినారు.”

“నువ్వు ఆ పొద్దు రొయ్య పిల్ల తేవడానికి పోయినావు గదా. ఆరుకి గుంట కాడ ఏం పని?”

“బండి దోవలో చెడిపోయింది. నడిచి తిరిగొచ్చేసినా. అమ్మా అని పిలిచినా. చెయ్యెత్తింది. సరే అని మోటారు కాడికి పోయినా. ఏడుకి పక్క గుంట రవికుమార్ కేకలు పెట్టినాడు, శవం తేలిందని.”

తడుముకోకుండా చెప్పాడు. ఒక్క ‘వీపు’ అన్న చోట మాత్రం గుటక మింగాడు. దెబ్బలు తిన్న మనిషి కదా, నోరు ఎండిపోయి ఉంటుందనుకున్నాను.

“ఒరేయ్, ఈ మాటతో నీ మెడకి నువ్వే తాడు బిగించుకుంటా ఉండావు. ఆరుకి ఆమె బతికే ఉండాదని నువ్వే చెప్తివి. ఆరు దాటినాక ఆ గుంట కాడ నువ్వు తప్ప ఇంకో మనిషి లేడు. ఆరుకి నేనెవరినీ చూడలేదని ఒక్క మాట అను, కేసు సగం కూలిపోతాది.”

“చూసింది చూసినానని చెప్పొద్దా సార్?”

వాడి మొహాన ఉమ్మేయాలనిపించింది. నిజం చెప్పి జైలుకు పోయేవాళ్లను చూస్తే నాకు జాలి కలగదు, ఒళ్లు మండుతుంది. బయట గేటు దగ్గర వాడి భార్య అబిగయీలు పొద్దుటి నుంచీ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది. రొయ్యల కంపెనీలో తలలు గిల్లే పని ఆమెది. వేళ్ల చివర్లు ఉప్పు నీళ్లకు నానిపోయి తెల్లగా ఉంటాయి. మా అమ్మ వెళ్లే చర్చి సంఘంలో మనిషే. మొన్న ఆ వేళ్లతోనే నా చెయ్యి పట్టుకుని, “మా ఆయన చంపలేదు బెన్హర్ సార్, యేసయ్య తోడు,” అంది. నేను నమ్మాను. నమ్మకపోతే, ఎంత ప్రైవేటు డిటెక్టివ్‌నైనా, ఈ కేసు తీసుకునేవాణ్ని కాదు.

చచ్చిపోయింది వెంకటశేషమ్మ. అల్లూరు దాటాక సముద్రం పక్కన ఏడు రొయ్యల గుంటలున్న వితంతువు. మూడు రోజుల కింద పెద్ద గుంటలో, మేత చూసే బల్ల కింద బోర్లా తేలింది. గొంతులోకి బురద పోయింది. మెడ వెనక కమిలిన మచ్చ ఉంది, మడమంత వెడల్పు. మోకాలి లోతు నీళ్లలో పడిన మనిషి మెడ మీద ఎవరో కాలు పెట్టి, ఊపిరి ఆగేదాకా నిలబడ్డారు. అంతకంటే పాడు సంగతి ఇంకోటుంది. ఆమె చేతికర్ర ఆమె చెయ్యి చాపితే బెత్తెడు దూరంలో అందకుండా, బురదలో నిట్టనిలువుగా నాటి ఉంది.

ఇక పగ సంగతి. అది వెతకాల్సిన పని లేదు, ఊరందరికీ తెలుసు. రెండేళ్ల కింద ఏసుమణి కొడుకు, సమాధానం అనేవాడు, అదే గుంటలో ఏరియేటర్ వైరు తగిలి షాక్ కొట్టి పోయాడు. పంతొమ్మిదేళ్లు. కుర్రాడు నీళ్లలో కొట్టుకుంటుంటే మెయిన్ ఆపమని గట్టు మీద నుంచి అరిచారు. శేషమ్మ స్విచ్ బోర్డుకు అడ్డం నిలబడింది. మెయిన్ ఆపితే ఏడు గుంటల రొయ్యకూ గాలి అందదు, ఎండు కర్ర తెచ్చి వాణ్ని లాగండి అంది. కర్ర వచ్చేసరికి కుర్రాడు లేడు. కాగితం మీద మాత్రం కాలు జారి పడ్డాడని రాయించారు. ఆ తర్వాత కూడా ఏసుమణి దంపతులు ఆమె మోటారు షెడ్డులోనే కాపురం ఉన్నారు, వేరే నీడ లేక.

“విన్నావు గదా. ఇంకా ఏం కావాల?” వెనక నుంచి పెంచలకృష్ణ గొంతు. “డాక్టరు చావు టైము అయిదుకీ ఏడుకీ మధ్య అన్నాడు. ఆరుకి బతికుండాది. వీడొక్కడే కాదు, అవతలి గట్టు నించి రవికుమార్ కూడా చూసినాడు. బల్ల మీద కూర్చోని ట్రే లాగతా ఉండిందని. ఆరు తర్వాత ఉండింది వీడే. కొడుకు పగ. ఇంకేంది నీ బాధ?”

“వీడి పెళ్లాం?”

“ఆరున్నర బస్సులో కంపెనీకి పోయింది. బస్సు నిండా ఆడోళ్లు చూసినారు. గుంట నించి బస్సు ఆగే మలుపు దాకా నడకే అరగంట. అదీ అడిగినా, నన్నేం ఎడ్డోడు అనుకుంటివా?”

ఎడ్డివాడు కాదు. అదే నా ఏడుపు. ఇద్దరం ఒకే బ్యాచ్ ఎస్సైలం. జీపు బోల్తా పడి నా కుడి మోకాలు నుజ్జయింది, డిపార్ట్‌మెంటు నన్ను మర్యాదగా సాగనంపింది. ఆ జీపు నడిపినవాడికి ప్రమోషన్ వచ్చింది. ఇదుగో, నా ఎదురుగా మీసం దువ్వుకుంటున్నాడు.

“నన్ను ఒకసారి గుంట చూడనీ,” అన్నాను.

“దా. నేనే తీసుకపోతా. నీ కుంటికాలు జారితే మళ్లీ నా పేరే చెప్తావు.”

గుంట గట్టు నుంచి నీళ్ల మీదకు సన్నటి చెక్కబల్ల వేసి ఉంది. చివర సరుగుడు గుంజ. గుంజకు ఆకుపచ్చ నైలాన్ తాడు, తాడు కొసన నీళ్లలో మునిగిన చెక్ ట్రే. మేత వేశాక ఆ ట్రే పైకి లాగి, రొయ్య మేత తిన్నదా మిగిల్చిందా చూస్తారు. ఈ తీరంలో పుట్టిన ఎవరైనా ఆ పని గొంతుక్కూర్చునే చేస్తారు. నిలబడి వంగితే బల్ల ఊగుతుంది.

తాడు కట్టు దగ్గరగా చూద్దామని నేనూ కిందకు వంగాను. మోకాలు సగం దూరం వచ్చి ఆగిపోయింది. లోపల లోహం ‘టక్’మంది. ఇంకో అంగుళం దిగడం నావల్ల కాలేదు. గుంజ పట్టుకుని వేలాడుతూ నిలబడ్డాను.

గట్టు మీద కుర్చీలో కూర్చున్న పెంచలకృష్ణ పొట్ట పట్టుకుని నవ్వాడు. “డిటెక్టివ్ గారూ, లేపమంటారా? క్రేను తెప్పించమంటారా?”

“శేషమ్మకు కూడా మోకాలు మార్చినారు గదా?” అని అడిగాను.

“మార్చినారు. అయితే?”

“మరి ఆమె ఈ బల్ల మీద ఎట్ట కూర్చునింది?”

“ఎట్ట కూర్చునిందంటే? మా అత్తకి రెండు మోకాళ్లూ మార్చినారు. నేల మీద కూర్చోని ఆకుకూర తరగతా ఉండాది. నీకు చేసినోడు చేతగానోడు, అంతే. శేషమ్మని ఆపరేషన్ అయినాక ఈ బల్ల మీద కూర్చోని ఉండంగా నేనే చూసినా, పోయిన ఏడాది.”

“ఈ మధ్య చూసినావా?”

“ఈ మధ్య ఆమె ఊర్లో లేదు. మద్రాసులో చెల్లెలింట్లో ఉండింది. వచ్చి రెండు వారాలు కూడా కాలేదు.”

నేను గుంజ వైపు తిరిగాను. గుంజ మీద తాడు కట్టే చోట్లు రెండున్నాయి. కింద, కూర్చున్న మనిషి రొమ్ము ఎత్తున, ఏళ్ల తరబడి తాడు ఒరుసుకుని గాడి పడింది. పైన, నా నడుము ఎత్తున, కొత్త మేకు దిగ్గొట్టి ఉంది. మేకుకు ఆకుపచ్చ నైలాన్ పోగులు పట్టుకుని ఉన్నాయి. తాడు ఇప్పుడు కింది గాడికి కట్టి ఉంది.

“ఈ తాడు మీవాళ్లు ముట్టుకున్నారా?”

“ఫోటోలు తీసేదాకా ఈగను కూడా వాలనీలేదు. ఇదో, చూడు.” ఫోను నా మొహం ముందు పెట్టాడు. శవం, కర్ర, గుంజ. ఫోటోలో కూడా తాడు కింది గాడికే ఉంది.

“పైన మేకు ఎందుకు కొట్టినారు?”

“చొక్కా తగిలించుకోడానికేమో. నాలుగు గంటలకి మెజిస్ట్రేటు ముందర ఉండాల. నువ్వు మేకులు చూసుకుంటా ఉండు.”

నేను మేకులు చూసుకుంటూ ఉండలేదు. స్టేషన్‌కు తిరిగొచ్చి నా కారు నెల్లూరు వైపు తిప్పాను.

డాక్టర్ జయకుమార్ నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నా మోకాలు ఆయన చేతి పనే. శేషమ్మకు మోకాలు మార్చింది కూడా ఆయనేనని ఊళ్లో విన్నాను. ఆమె పేరు చెప్పగానే మళ్లీ కూర్చున్నాడు.

“పేషెంట్ల సంగతులు బయటికి చెప్పకూడదండీ.”

“ఆమె చచ్చిపోయింది డాక్టర్. ఒక మనిషి సాయంత్రానికి జైలుకు పోతున్నాడు. మీరు దాచేది ఆమె మర్యాదా, మీ మర్యాదా?”

మొహం కందిపోయింది. కాసేపు బల్ల మీద ఉన్న ప్లాస్టిక్ మోకాలి బొమ్మను అటూ ఇటూ తిప్పాడు. తర్వాత సొరుగులోంచి ఒక ఎక్స్‌రే తీసి లైటుకు తగిలించాడు.

“పోయిన వారం వచ్చింది. ఈ ఎక్స్‌రే నా మొహాన విసిరి, చూసుకో నీ పనితనం అని అరిచి పోయింది.”

ఎక్స్‌రేలో తొడ ఎముక లోపలికీ కాలి ఎముక లోపలికీ పొడుగాటి ఊచలు దిగి ఉన్నాయి. రెంటినీ కలుపుతూ మధ్యలో అడ్డంగా ఒక ఇరుసు.

“నా కాల్లో ఉండేది ఇట్ట లేదే.”

“ఉండదు. ఇది వేరే డిజైను. చూడండి.” బొమ్మ చేతిలోకి తీసుకున్నాడు. పని గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతులో భయం పోయింది. “మోకాలు తలుపులా ఊరికే మడుచుకోదు. వంగే కొద్దీ తొడ ఎముక కాలి ఎముక మీద వెనక్కి దొర్లుతుంది, కొంచెం మెలి కూడా తిరుగుతుంది. వెనక్కి దొర్లకపోతే రెండు ఎముకలూ వెనకవైపు ఢీకొని ఆగిపోతాయి. అందుకే ఆమెకు నేను మొదట పెట్టిన డిజైనులో మధ్యలో ప్లాస్టిక్ మేకు ఉంటుంది. కాలు వంగగానే పై లోహంలోని అడ్డకడ్డీ ఆ మేకుకు తగిలి తొడ ఎముకను వెనక్కి నెడుతుంది. బాగా వంగుతుంది. వద్దన్నా వినకుండా ఆమె గొంతుక్కూర్చునేది కూడా.”

“నాకూ అదే పెట్టామన్నారు. నేనెందుకు కూర్చోలేను?”

“మీ కండ జీపు కింద నలిగింది. డిజైను ఒక్కటే చాలదండీ, దాన్ని కదిపే కండ కూడా ఉండాలి.”

“సరే. ఆమెకేమైంది?”

“చీము పట్టింది.” కళ్లు దించుకున్నాడు. “మా దగ్గరే పట్టింది. మద్రాసులో అంతా తీసేశారు. నెలల తరబడి మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టి ఉంచారు. మోకాలిని పక్కల పట్టి ఉంచే లిగమెంట్లు పాడైపోయాయి. ఆ బలం లేని మోకాలికి నేను పెట్టిన రకం నిలబడదు, జారిపోతుంది. అందుకని ఇది. తలుపు బందు లాంటిది. ఎముక జారదు, కానీ వెనక్కి దొర్లడమూ ఉండదు. పైగా మళ్లీ మళ్లీ కోసిన కండ బిగుసుకుపోయింది. పోయిన వారం నేనే కొలిచాను. ఎనభై అయిదు డిగ్రీలు. కుర్చీలో కూర్చోడానికే అవస్థ.”

“గొంతుక్కూర్చోవాలంటే?”

“నూట ముప్ఫై దాటాలి.”

“ఎవరన్నా బలవంతంగా వంచితే?”

“ఇరుసు వంగదు. తొడ ఎముక విరుగుతుంది.”

పోస్టుమార్టంలో విరిగిన ఎముక ఒక్కటీ లేదు. నాకు చెమట పట్టింది, ఆనందంతో. “ఈ రెండో ఆపరేషన్ సంగతి ఊళ్లో ఎవరికీ తెలీదే?”

“చెప్పొద్దంది. కాలు పోయిందని తెలిస్తే గుంటల మీద తన మాట చెల్లదంది.”

తలుపు దాకా వెళ్లి ఆగాను. “డాక్టర్, ఆమె నేల మీద పడిపోతే ఎట్ట లేస్తుంది?”

“లేవలేదు. మనం మోకాళ్ల మీదకు వచ్చి, ఒక కాలు మడిచి లేస్తాం. ఆమెకు అది కుదరదు. పట్టుకోడానికి ఏదైనా ఉండాలి. కర్ర లాంటిది.”

బెత్తెడు దూరంలో నాటిన కర్ర కళ్ల ముందు కదిలింది. ఆ నాటినవాళ్లు ఆమె కర్ర కోసం పాకుతుంటే చూస్తూ నిలబడ్డారు. ఎంతసేపు నిలబడ్డారో డాక్టర్లు కూడా చెప్పలేరు. కానీ ఆ క్షణంలో నాకు కావాల్సింది ఏసుమణి విడుదల, పెంచలకృష్ణ మొహం నల్లబడటం. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ కావాలనిపించింది.

స్టేషన్‌కు వచ్చేసరికి మూడున్నర. జీపు బయటే సిద్ధంగా ఉంది. అబిగయీలు గేటు దగ్గరే ఉంది. ఆగమన్నట్టు చెయ్యి చూపించి లోపలికి పోయాను. ఎక్స్‌రే తీసుకెళ్లి సీఐ టేబుల్ మీద, ఆయన టీ గ్లాసు మీదే పరిచాను.

“ఏంది ఇది?”

“నీ కేసుకు పోస్టుమార్టం.”

చెప్పాను. దొర్లే మోకాలు, దొర్లని మోకాలు, ఎనభై అయిదు, నూట ముప్ఫై. అన్నీ విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు.

“కాబట్టి ఆరుకి బల్ల మీద గొంతుక్కూర్చున్న మనిషి శేషమ్మ కాదు,” అన్నాను. “అప్పటికే ఆమె బల్ల కింద చచ్చి పడి ఉండాది. ఇంకెవరో ఆమె మాదిరి చొక్కా, తువ్వాలు వేసుకుని కూర్చున్నారు, ఆరుకి బతికుందని నలుగురూ అనుకోవాలని. ట్రే లాగేవాళ్లెవరైనా గొంతుక్కూర్చుంటారు. చిన్నప్పటి నించీ అలవాటు. శేషమ్మ ఒక్కతే ఈ మధ్య అట్ట కూర్చోలేదు. ఆ అలవాటే వాళ్లను పట్టిచ్చింది.”

“లేకుంటే ఏసుమణి అబద్ధం చెప్తా ఉండాడు. కూర్చోనుండంగా చూసినానని.”

“అవతలి గట్టు రవికుమార్ కూడా అదే అబద్ధం చెప్తా ఉండాడా? ఇద్దరికీ మాటల్లేవని నీ రిపోర్టులోనే ఉండాది.”

దెబ్బ తగిలింది. పెంచలకృష్ణ కుర్చీలో వెనక్కి వాలాడు. నేను ఆగితే బాగుండేది. ఆగలేదు.

“ఇంకో రుజువు చూపిస్తా, దా,” అని లాకప్ దగ్గరికి లాక్కెళ్లాను. “ఏసుమణీ! గుంజకి పైన కొత్త మేకు ఉండాది. ఎవరు కొట్టినారు?”

“నేనే సార్. అమ్మ మద్రాసు నించి వచ్చినాక కొట్టమనింది. కాలు వంగదు, నిలబడి లాగతానని. ఎవరికీ చెప్పొద్దనింది.”

“విన్నావా?” అన్నాను సీఐతో. “తాడు పై మేకుకి ఉండాల్సింది. బల్ల మీద కూర్చున్న మనిషి కూర్చున్న ఎత్తుకి, కింద కట్టేసి పోయింది.”

పెంచలకృష్ణ నా వైపు చూడటం లేదు. ఏసుమణినే చూస్తున్నాడు. మెల్లగా, ఎప్పుడూ లేనంత మర్యాదగా అడిగాడు.

“ఏసుమణీ, ఆమె కాలు వంగదని నీకు తెలుసు. మేకు నువ్వే కొట్టినావు. మరి గొంతుక్కూర్చున్న మనిషిని చూసి అమ్మ అని మాకెందుకు చెప్పినావు?”

ఏసుమణి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. ఒక్క ప్రశ్న ముందు అర్థమై ఉంటే నోరు మూసుకుని ఉండేవాణ్ని.

“కన్నది కన్నట్టు చెప్పేసినాడు బెన్హర్,” అన్నాడు పెంచలకృష్ణ. “ఎవర్ని చూసినాడో అది మాత్రం మార్చినాడు. ఎట్ట కూర్చునిందో మార్చాలని తోచలేదు పాపం. చావు ఆరుకి ముందరే అయితే నా ఆరున్నర బస్సు ఇంక ఎవర్నీ కాపాడదు గదా? అరికాళ్లు పగలగొట్టినా నోరు విప్పని మగోడు ఎవరి కోసం విప్పడు? కొడుకు వీడొక్కడికే పుట్టినాడా?”

“నేనే చంపినా సార్!” ఏసుమణి ఊచలు పట్టుకుని ఊపాడు. వాచిన కాళ్ల మీద నిలబడలేక మోకాళ్ల మీద కూలబడ్డాడు. “రాసుకోండి, నేనే. మెడ మీద కాలు పెట్టి తొక్కినా. ఏడ కావాలంటే ఆడ వేలిముద్ర వేస్తా. బెన్హర్ సార్, ఇంకేం చెప్పబాకండి. మీకు దండం పెడతా, చెప్పబాకండి.”

“ఆమేనని ఎట్ట గుర్తుపట్టినావు?” అన్నాను.

“ఇరవై మూడేళ్లు కాపురం చేసినోడికి వీపు తెలీదా సార్? అమ్మా అని పిలిచినాక చెయ్యెత్తింది. ఆ చెయ్యి చూసి తిరుక్కొని పోయినా. ఏందో సరదాకి అమ్మ మాదిరి చొక్కా, తువ్వాలు కట్టుకునిందిలే అనుకున్నా. ఏడుకి కేకలు విన్నాక...” మిగతాది ఏడుపులో కలిసిపోయింది.

పెంచలకృష్ణ నా భుజం తట్టాడు. “భలే పట్టినావు డిటెక్టివ్ గారూ. నావల్ల అయ్యేది కాదు. ఆడ కానిస్టేబుల్‌ను పిలిపిస్తా.”

నేను బయటికి వచ్చాను. పారిపొమ్మని చెప్పాలనుకున్నానో, తిట్టాలనుకున్నానో నాకే తెలియదు. అబిగయీలు ఎదురొచ్చింది.

“ఆయన్ని విడుస్తారా సార్?”

“విడుస్తారమ్మా.”

ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది. తర్వాత నా కళ్లలోకి చూసింది. చూస్తూనే ఉంది. క్యారియర్ పట్టుకున్న తెల్లటి వేళ్లు బిగుసుకున్నాయి.

“మీకు తెలిసిపోయిందా?”

తల ఊపాను.

ఆమె ఏడవలేదు. కాళ్ల మీద పడుతుందేమో అనుకున్నాను, పడలేదు. “చొక్కా వేసుకుని కూర్చునింది నలుగురి కంట్లో పడాలని సార్,” అంది. “ఆయన చూడాలని కాదు. ఆయన రొయ్య పిల్లకి పోయినాడు, మధ్యాహ్నం దాకా రాకూడదు. వెనక నించి ఆయన గొంతు వినపడేసరికి నా గుండె ఆగిపోయింది.”

“కర్ర ఎందుకు అట్ట నాటినావు?”

“తోసినా, పడింది. లేవలేకపోయింది. కర్ర ఇయ్యమే, అబిగయీలూ, కర్ర ఇయ్యమే అని అడిగింది.” గొంతు ఏమీ మారలేదు. “మెయిన్ ఆపమ్మా, నా బిడ్డ, మెయిన్ ఆపమ్మా అని నేనూ అడిగినా సార్ ఆ పొద్దు. ఆమె నిలబడి చూసింది. నేనూ నిలబడి చూసినా. ఆమెకు అందీ అందనట్టు కర్ర నాటి చూసినా. చాలనిపించినాక కాలు పెట్టినా. నాకు పశ్చాత్తాపం లేదు. దేవుడు అడిగితే ఆయనకీ ఇదే చెప్తా. ఆయన్ని పట్టుకపోయినారు, అదొక్కటే నేను చేసిన పాపం. అందుకే మీ కాడికి వచ్చినా.”

మెట్ల మీద బూట్ల చప్పుడు. పెంచలకృష్ణ ఆడ కానిస్టేబుల్‌తో దిగుతున్నాడు.

“ఆయనకి తెలీనీబాకండి సార్,” అంది గబగబా. “కంపెనీవాళ్లు నన్ను వేరే ఊర్లో పనికి పెట్టినారని చెప్పండి. నేనని తెలిస్తే బతకడు.”

చెప్పకుండా ఉండి ఉంటే బాగుండేది. ఈ రోజు నేను చేసిన పనులన్నిటిలోకీ క్రూరమైనది అదే. అయినా చెప్పాను.

“ఆయనకి మొదట్నించీ తెలుసమ్మా. చూసినాడు. గుర్తుపట్టినాడు. దెబ్బలన్నీ నీ కోసమే తిన్నాడు.”

మెడ మీద కాలు పెట్టిన సంగతి కళ్లార్పకుండా చెప్పిన మనిషి అప్పుడు అరిచింది. కొడుకు పోయినప్పుడు ఆ గట్టు మీద అరిచిన అరుపు ఊరంతా వినపడిందని చెప్పుకుంటారు. ఇది అంత పెద్దదేం కాదు. లోపల లాకప్‌లోంచి “అబీ!” అని కేక వినపడింది. ఆడ కానిస్టేబుల్ ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆమె విదిలించుకోలేదు. క్యారియర్ మాత్రం నా చేతిలో పెట్టింది.

“పొద్దున వండింది, చల్లారిపోయింది. ముందు ఆయన్ని తినమనండి సార్,” అంది. “తిన్నాక నన్ను ఒకసారి ఆయన ముందర నించి తీసుకపొమ్మనండి.”

“అట్టనే,” అన్నాడు పెంచలకృష్ణ నా కంటే ముందు. తర్వాత వాచీ చూసుకుని, అంత టైము లేదని ఆమెను జీపు ఎక్కించాడు.